ఎడమ జేబు

పోతయ్య శవాన్ని పెడన కాలవలోంచి తీసేసరికి కుడిచేతి గుప్పిట బిగుసుకుపోయి ఉందట. ఇద్దరు కానిస్టేబుళ్ళు కష్టపడి వేళ్ళు విడదీస్తే అందులో ఒక జేబు దొరికింది. పంట్లానికి వెనకవైపు ఉండే జేబు. నీలం డంగ్రీ గుడ్డ, దాని మీద పసుపు దారంతో రెండు అలలు, పైమూల ఒక ఇనప రివెట్టు, వెనక చిరిగిన అస్తరు.

ఆ రెండు అలలు ఎవరి సొత్తు అన్న దాని మీద బందరు కోర్టులో ఏడాదిగా వ్యాజ్యం నడుస్తోంది. అమెరికా ఓడవాళ్ళు జీన్స్ అని పిలుచుకునే మొరటు పంట్లాం ఒకటి, ఎవరో నావికుడు కుట్టుపనికి ఇచ్చి తిరిగి రాకపోతే, బందరు దర్జీ నాంచారయ్య దాన్ని విప్పి, కత్తిరింపు నేర్చుకుని, అలాంటివే కుట్టి అమ్మడం మొదలుపెట్టాడు. రైలింజన్ల కింద పడుకునేవాళ్ళు, రైసుమిల్లు కూలీలు, పడవల వాళ్ళు ఎగబడి కొన్నారు. చదువురాని వాళ్ళు కూడా జేబు మీద అలలు చూసి ఇదే కావాలని అడిగేవారు. తరవాత గుడివాడలో శంకరరావుగారు ముప్ఫై మిషన్లతో కంపెనీ పెట్టి అవే అలలతో అమ్మారు. కొత్త ట్రేడుమార్కు చట్టం పట్టుకుని, అలలు ముందు నావే, నాంచారయ్యే కాపీ కొట్టాడని దావా వేశారు. నాంచారయ్య మొదలుపెట్టింది యాభై ఏడులో. తమ పంట్లాం యాభై అయిదు నాటిది ఒకటి ఉందనీ, దాన్ని రేపు కోర్టులో దాఖలు చేస్తామనీ శంకరరావుగారి వాదన.

ఇన్‌స్పెక్టర్ బుచ్చిరాజు ఆ అలలు చూసి పొద్దున్నే నాంచారయ్యని లాకప్పులో తోశాడు. శంకరరావుగారు నా క్లయింటు. నేనేమో, అంకమ్మరావు, ప్రైవేటు డిటెక్టివ్, తడిసిన గొడుగు పట్టుకుని నాంచారయ్య కొట్టు మెట్ల మీద నిలబడ్డాను. నిన్న సాయంత్రం పోతయ్య పోయిన వేళకి నాంచారయ్య ఇంట్లో లేడని అతని భార్య చేత చెప్పించుకు రమ్మని శంకరరావుగారి ఆజ్ఞ. ఇలాంటి పనులకు కూడా డిటెక్టివ్ కావలసి వచ్చాడంటే నా వృత్తి మీద నాకే విసుగు పుట్టింది.

వీరలక్ష్మి కుర్చీ వేసింది గాని తను కూర్చోలేదు. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి మొహం వాచింది.

“మీరు శంకరరావుగారి మనిషి కదండీ?”

“ఆయన దగ్గర ఫీజు పుచ్చుకుంటున్న మనిషిని. తేడా ఉందమ్మా.”

“మాకేం కనపడదండీ ఆ తేడా.”

ఆ మాట నాకు తగలవలసిన చోటే తగిలింది. తేరుకుని, నిన్న పొద్దుగూకే వేళ నీ భర్త ఎక్కడున్నాడని అడిగాను.

“ఇంట్లోనే ఉన్నారండీ. మధ్యాహ్నం నుంచీ వాన, గడప దాటలేదు. నాకు ఒళ్ళు కాలిపోతుంటే లోపల పడుకున్నాను. దీపాలు పెట్టాక ఎవరో తలుపు కొట్టారు, ఆయన తీశారు. బేరమనుకున్నాను. అప్పట్నుంచీ మిషను ఆడుతూనే ఉంది. ఆ చప్పుడు వింటూనే నిద్రపోయానండీ.”

“వచ్చిందెవరు?”

“నేను చూళ్ళేదండీ. ఆయన్నడిగితే ఎవరో పడవ మనిషి అన్నారు.”

“ఆ వానలో ఏం కుట్టాడు?”

“పంట్లాం కాళ్ళు కుట్టానన్నారు.”

“జేబులు కాదా?”

“జేబులు నావండీ. మొదట్నుంచీ ఆయన ముట్టుకోరు. అలలు నేనే వేస్తాను, జేబు నేనే అతుకుతాను.” బల్ల మీదున్న కొత్త పంట్లాం ఒకటి నా ముందుకు తోసింది. “కాళ్ళ చివర చూడండి. ఆయన కుట్టు ఎక్కడ ముగిసినా కుడి చివర మూడుసార్లు వెనక్కి తొక్కుతుంది. ఆయనకి మనుషుల మీదే నమ్మకం తక్కువ, ఇంక దారం మీదేం ఉంటుంది?”

ఆ కుట్టు చూశాను. మూడు వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి గట్టిగా బిగిశాయి. తరవాత జేబు తడిమితే అస్తరు కింద చిన్న ఉండలాంటిది వేలికి తగిలింది.

“ఇదేమిటమ్మా?”

వీరలక్ష్మి వీధిలోకి ఒకసారి తొంగి చూసింది. వీధి తలుపు దగ్గరికేసి వచ్చింది.

“వల ముడండీ. మాది నాగాయలంక అవతల, సముద్రం పక్క. నా చిన్నప్పుడు గాలివానకి మా నాన్న పడవ తిరగబడింది. ఎన్నాళ్ళకో ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. మొహం చూస్తే మనిషిని పోల్చుకునేట్టు లేదు. అక్కడ పడి ఉన్నవాళ్ళలో మా నాన్న ఎవరో తెలీక మా అమ్మ అందరి దగ్గరా ఏడ్చింది. చివరికి లాగూ జేబు తిరగేసి చూస్తే తను వేసిన ముడి కనపడింది. మేం కొరివి పెట్టుకోగలిగింది ఆ ముడి వల్లేనండీ.”

“అందుకని ప్రతి జేబులోనూ వేస్తావా?”

“ఇవి తొడుక్కునేవాళ్ళు ఎలాంటి పనుల్లో ఉంటారో మీకు తెలుసు కదండీ. అలలు బజారు కోసం. ముడి వాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం.”

“నాంచారయ్యకి తెలుసా?”

“చెప్పలేదు. నవ్వుతారని.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “పోతయ్య చేతిలో ఉన్నది నేను కుట్టిన జేబే కావచ్చండీ, కాదనను. ఊరంతా తొడుక్కుంటున్నారు. అంతమాత్రాన మా ఆయన్ని ఉరి తీస్తారా?”

తియ్యరని చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. బుచ్చిరాజు ఒకసారి మనిషిని లోపల వేశాక బయటికి వదలడం తనకు అవమానంగా భావిస్తాడని నాకు బాగా తెలుసు.

పెడన బస్సు దిగేసరికి వాన తగ్గింది. పోతయ్య అద్దకం పనివాడు. పాక వెనకే కాలవ, కాలవ ఒడ్డున గుడ్డలు ఉతికే బండ. పాకలో అచ్చు బల్లలు బోర్లించి ఉన్నాయి. నిన్న అమావాస్య, అమావాస్యనాడు ఇక్కడ అచ్చు పట్టరు. మర్నాటికి కావలసిన గుడ్డ కూడా నానెయ్యరు.

అయినా ఒక తొట్టి తడిగా ఉంది. మూత తీస్తే కరక్కాయ వగరు వాసన, దాని మీద పులిసిన పాల వాసన గుప్పుమన్నాయి. రంగు అద్దే ముందు గుడ్డని కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరేస్తారు. పాలు పడితే రంగు పక్కకి పాకదు. బందరు చుట్టుపక్కల పుట్టినవాడెవడికైనా ఇది తెలిసిందే. వేలు ముంచి చూశాను. పసుప్పచ్చగా అంటుకుంది. జేబురుమాలుతో తుడుచుకుని, ఆ తడిరుమాలు తాళంచెవుల గుత్తితో పాటు కోటు జేబులో పడేశాను. తొట్టి అంచున అలలు కుట్టే పసుపు దారప్పోగు ఒకటి వేలాడుతోంది. దాన్ని కాగితంలో చుట్టి విడిగా దాచాను.

పక్కింటి ఎల్లమ్మ దడి అవతల నుంచి నన్నే కనిపెట్టి చూస్తోంది. పాలు పోసే మనిషి.

“అమావాస్యనాడు పోతయ్య నీ దగ్గర పాలు పోయించుకున్నాడా?” అని అడిగాను.

“పోయించుకున్నాడు బాబుగారూ. ఇవాళ పాలెందుకు మరిదీ అంటే, చిన్నపనుంది వదినా అన్నాడు. పాడుపని.”

“ఏం పనో చెప్పాడా?”

“చెప్పలేదండీ. తలుపేసుకుని ఒక్కడే చేసుకున్నాడు. పొద్దుగూకాక చెంబు తెచ్చుకుందామని వచ్చా. లోపల ఎవరో ఉన్నారు. ‘నేనివ్వను అయ్యగారూ, అబద్ధపు సాక్ష్యానికి నా చేతులు వాడుకుంటారా’ అని పోతయ్య కేకలేస్తన్నాడు. పెద్దోళ్ళ గొడవ నాకెందుకులే అని ఎనక్కి తిరిగిపోయా. అప్పుడే లోపలికెళ్ళి ఉంటే బతికేవాడేమో.” 

“నాంచారయ్యని పోతయ్య ఏమని పిలిచేవాడు?”

“బావా అనేవాడు. దర్జీని పట్టుకుని అయ్యగారూ అని ఎవరంటారు బాబూ?”

బండ మీద నాచు ఒకచోట జారినట్టు గీసుకుపోయి ఉంది. అక్కడి నుంచి కాలవ లోతు. పెనుగులాటలో పోతయ్య వెనక్కి పడ్డాడు, తల బండకి తగిలింది, గుప్పిట్లో ఉన్న జేబుతో సహా నీళ్ళలోకి పోయాడు. వచ్చినవాడి చేతిలో మిగిలిన పంట్లానికి ఒక జేబు లేదు. దాన్ని వాడు ఏం చేశాడన్నది ఇప్పుడు నాకు కావాలి.

పోస్టాఫీసుకి వెళ్ళి గుడివాడకి ట్రంకాల్ చేశాను. కోర్టులో దాఖలు చెయ్యబోయే పంట్లాం ఒకసారి ఇన్‌స్పెక్టర్‌కి చూపిస్తే నాంచారయ్య పగ ఎంత పెద్దదో తెలిసొస్తుందని శంకరరావుగారికి చెప్పాను. ఆయన తెగ సంతోషించారు. పంట్లాం నెల రోజులుగా తన బీరువా దాటి రాలేదనీ, తాళం తన మొలతాడుకే ఉంటుందనీ, స్వయంగా తెస్తాననీ అన్నారు.

నేను ఠాణాలో అడుగుపెట్టేసరికి బుచ్చిరాజు టీ తాగుతున్నాడు. నాకు ఇవ్వమనలేదు.

“రండి రావుగారూ. మీ క్లయింటు ప్రత్యర్థిని నేను పట్టుకుంటే మీకు సంతోషంగా లేనట్టుందే?”

“నాంచారయ్యతో రెండు మాటలు మాట్లాడాలి.”

“మాట్లాడండి. నాతో ఒక్కటే మాట్లాడాడు. ఇంట్లోనే ఉన్నానన్నాడు. సాక్షి ఎవరు? పెళ్ళాం! జ్వరంతో పడుకుని మిషను చప్పుడు విన్నదట. రేపు జడ్జిగారు ఆ మిషను చేత ప్రమాణం చేయించాలి కాబోలు.” తన హాస్యానికి తనే నవ్వాడు.

ఎల్లమ్మ చెప్పింది చెప్పాను. వానలో తలుపు బయట నుంచి విన్న మాటకి విలువేమిటన్నాడు. తొట్టి సంగతి చెప్పాను. చచ్చినవాడు అమావాస్యనాడు పనిచేసి అపచారం చేస్తే అది దేవుడి కేసు, తనది కాదన్నాడు. అంతకంటే ఓర్పు నాకు లేక లాకప్పు వైపు నడిచాను.

నాంచారయ్య గోడకి చేరబడి కూర్చున్నాడు. సన్నటి మనిషి, వేళ్ళన్నీ సూదిగాట్లు.

“నిన్న దీపాలు పెట్టాక ఏం కుట్టావు నాంచారయ్యా?”

“కాళ్ళండీ.”

“తలుపు కొట్టిందెవరు?”

“పడవ మనిషండీ.”

“నీ భార్య నీకోసం కాళ్ళావేళ్ళా పడుతోంది. నిజం చెబితే కొంతైనా సాయపడగలను.”

అతను మోకాళ్ళ మధ్య తల దాచుకున్నాడు. ఉరికి భయపడుతున్నాడనుకున్నాను. అది పొరపాటని తరవాత తెలిసింది.

శంకరరావుగారు చీకటి పడకముందే కారు దిగారు. ఖద్దరు లాల్చీ, వేలికి ఉంగరాలు. చంకలో బ్రౌను కాగితం పొట్లం. అదే సమయానికి వీరలక్ష్మి భర్తకి అన్నం తీసుకుని వచ్చింది. శంకరరావుగారిని చూసి క్యారియర్ గుండెలకి హత్తుకుని గోడవార నిలబడింది. బయటికి పొమ్మని బుచ్చిరాజు అనబోతే, ఉండనివ్వండి, ఆవిడతో పని ఉందన్నాను.

పొట్లం విప్పారు. వెలిసిపోయిన నీలం పంట్లాం. మోకాళ్ళ దగ్గర తెల్లబడింది, అంచులు పీచులు లేచాయి. వెనక రెండు జేబులు, రెంటి మీదా అలలు.

“యాభై అయిదులో గుడివాడ లోకోషెడ్డు ఫిట్టరు ఒకాయన నా దగ్గర కొన్నది,” అన్నారు శంకరరావుగారు. “ఇప్పుడు చెప్పండి ఇన్‌స్పెక్టర్‌గారూ, ఎవరు ఎవర్ని చూసి కుట్టారో. ఇది రేపు కోర్టుకెక్కుతుందని తెలిసే నాంచారయ్య మతి పోగొట్టుకున్నాడు.”

“పోతయ్యకి దీనితో ఏం సంబంధం?” అన్నాను.

“అది ఇన్‌స్పెక్టర్‌గారు తేలుస్తారు. మీరు మాత్రం మీ పని చూసుకోండి.”

చెమట పట్టి రుమాలు తీశాను. తీసి, ఒక్క క్షణం అలాగే పట్టుకుని నిలబడ్డాను. కరక్కాయ నీళ్ళు తుడిచిన చోట, నా బీరువా తాళంచెవి ఆనుకున్నంత మేరా, నల్లగా అచ్చు పడింది. చెవి ఆకారం చెవి ఆకారంగానే ఉంది. అద్దకంలో నల్లరంగు పుట్టేది ఇలాగే. ఇనుము, బెల్లం నానేసిన నీళ్ళు కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడితే చాలు, ఎన్ని ఉతుకులకీ పోని నలుపు.

పంట్లాం అందుకుని కుడి జేబు లోపలివైపు తిరగేశాను. అస్తరు పాతగుడ్డలా పసుప్పచ్చగా ఉంది. రివెట్టు చుట్టూ గుండ్రంగా నల్లటి మరక.

“బుచ్చిరాజుగారూ, మీ బట్టలకి ఇనప తుప్పు పట్టినప్పుడు మరక ఏ రంగులో ఉంటుంది?”

“ఎర్రగా ఉంటుంది. ఎవడికి తెలీదు?”

“మరి ఇది చూడండి. ఇదీ చూడండి.” రుమాలు పక్కన పరిచాను. “మిల్లు గుడ్డకి కరక్కాయ ఎందుకంటుతుంది? కొత్త పంట్లాన్ని పాతదిగా చెయ్యమని పోతయ్యకి ఇచ్చారు. పాతరంగు రావడానికి కరక్కాయ వేశాడు, అది సరే. పాలు పోయక్కర్లేదు. కానీ పుట్టినప్పటినుంచీ అలవాటైన చెయ్యి, పాలు కూడా పోసేసింది. వాసన చూడండి. ఏడేళ్ళ నాటి లోకో ఫిట్టరు పంట్లాం గ్రీజు వాసన రావాలి గాని పులిసిన పాల వాసన వస్తుందా?”

బుచ్చిరాజు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహం చిట్లించాడు. శంకరరావుగారి ఉంగరాల వేళ్ళు కుర్చీ చేతిని పట్టుకున్నాయి.

“ఇప్పుడు ఎడమ జేబు.” తిరగేశాను. పైన వెలిసిన గుడ్డే ఏరి కుట్టారు గాని, అస్తరు తెల్లగా ఉంది. రివెట్టు చుట్టూ ఏ మరకా లేదు. “పోతయ్య గుప్పిట్లో దొరికింది తెప్పించండి.”

సీలు వేసిన కవరు తెచ్చారు. జేబు బల్ల మీద పెడితే అస్తరు పసుప్పచ్చన, రివెట్టు చుట్టూ నలుపు, అస్తరు కింద వల ముడి. కుడి జేబులోనూ అదే ముడి వేలికి తగిలింది. ఎడమ జేబులో లేదు. దాని అంచు కుట్టు పక్కన పాత కుట్టు చిల్లులు వరసగా మిగిలి ఉన్నాయి, ఒక పక్క చిరిగిన పోగులు ఇంకా వేలాడుతున్నాయి. దొరికిన జేబుని అక్కడ ఆనిస్తే చిరుగుకి చిరుగు కలిసింది.

“నిన్న పొద్దుగూకేదాకా ఇది ఈ పంట్లాం జేబే,” అన్నాను. “బీరువా దాటని పంట్లాం జేబు పెడనలో చచ్చిపోయినవాడి చేతిలోకి ఎలా వెళ్ళింది శంకరరావుగారూ?”

“నా డబ్బు తింటూ నాకే...” అంటూ లేచారు. తలుపు దగ్గర కానిస్టేబుల్ అడ్డం నిలబడ్డాడు.

బుచ్చిరాజు మూర్ఖుడే గాని కళ్ళెదుట ఉన్నది కాదనే మనిషి కాదు. టీ గ్లాసు పక్కకి జరిపి వీరలక్ష్మిని పిలిచాడు.

“ఇటు రామ్మా. ఈ ముడి నీదేనా?”

“నాదేనండీ. ఈ రెండు జేబులూ నావే. పంట్లాం మా కొట్లో కుట్టిందే.” ఆవిడ మొహం ఒక్కసారి వెలిగింది. పొద్దుటి నుంచీ మొదటిసారి ఊపిరి పీల్చుకున్న మనిషిలా ఉంది. “మా ఆయన్ని వదిలేస్తారా అండీ?”

“ఈ కొత్త జేబు ఎవరు కుట్టారో తేలనీ. అలలు అచ్చం నీవిలాగే ఉన్నాయి. నువ్వు కుట్టావా?”

“లేదండీ.” పంట్లాం చేతిలోకి తీసుకుంది. వేలు అలల మీదుగా జరిగింది, అంచు వెంట జరిగింది, కుడి పైమూల దగ్గర ఆగిపోయింది.

నేనూ అక్కడే చూశాను. కుట్టు ముగిసిన చోట దారం మూడుసార్లు వెనక్కి తొక్కి ఉంది.

 ఆ కుట్టు ఎవరిదో ఈ గదిలో మా ఇద్దరికే తెలుసనుకున్నాను. నేను చెప్పదలచుకోలేదు. తెలీదు అని ఆవిడ ఒక్కమాటంటే నేనూ తల ఊపేసి ఉండేవాణ్ణి, ఇందులో సిగ్గుపడను.

“చెప్పమ్మా,” అన్నారు శంకరరావుగారు. గొంతులో బెదురు పోయి, కసి వచ్చింది. “నీకు తెలీదా ఏం? మునిగేది నేనొక్కణ్ణేనా? కేసు కావాలనే ఓడిపోతానని వాడే ఒప్పుకున్నాడు. నా కంపెనీలో ఫోర్‌మన్ పనికి ఆ అలలు అమ్ముకున్నాడు. ఈ పంట్లాం నాకు తెచ్చిచ్చింది కూడా నీ మొగుడే!”

లాకప్పు వైపు నుంచి “లక్ష్మీ” అని వినిపించింది. నాంచారయ్య ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. పొద్దుటినుంచీ అతను దేనికి భయపడుతున్నాడో అప్పుడు అర్థమైంది. ఈవిడకి తెలియడానికి.

వీరలక్ష్మి అటు చూడలేదు. ఎడమ జేబులో వేలు పెట్టి, ముడి ఉండవలసిన చోట ఒకసారి తడిమింది. తరవాత పంట్లాన్ని మడతలు సరిచేసి బల్ల మీద పెట్టింది.

“రాసుకోండి ఇన్‌స్పెక్టర్‌గారూ. ఇది మా ఆయన కుట్టే. నిన్న దీపాలు పెట్టాక తలుపు కొట్టింది పడవ మనిషి కాదు, ఈ శంకరరావుగారే అయ్యుండాలి. నేను నిద్రపోయేదాకా విన్న మిషను చప్పుడు ఈ జేబుదే. మధ్యాహ్నం నుంచీ మా ఆయన ఇల్లు కదల్లేదు. పోతయ్యని ఆయన చంపలేదు.”

బుచ్చిరాజు కలం తీసుకున్నాడు. ఈసారి మిషను చప్పుడు గురించి హాస్యమాడలేదు. పెళ్ళాం సాక్ష్యం పనికిరాదని కూడా అనలేదు. మొగుణ్ణి కాపాడుకోవడానికి ఏ ఆడదీ ఇలాంటి అబద్ధం ఆడదని అతనికీ తెలుసు.

ఆవిడ వేలిముద్ర వెయ్యలేదు, సంతకమే చేసింది. క్యారియర్ తీసి బల్ల మీద పెట్టి కొంగు భుజం మీద సర్దుకుంది.

“అన్నం వేడిగా ఉంది, ఆయనకి పెట్టించండి. ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే హోటల్ అన్నం అని చెప్పండి.”